మృదంగం అందుకోని చోట: కింగ్ క్రిమ్సన్‌తో నా పరిచయం

2016 వేసవిలో మా మేనబావ ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి సెలవులకు వస్తూ, నేను అడిగినందుకు మూడు పాత సీడీలు తెచ్చిపెట్టాడు. మూడూ కింగ్ క్రిమ్సన్ అనే బ్రిటిష్ బృందానివే: 1969 నాటి మొదటి ఆల్బమ్, 1974 నాటి 'రెడ్', 1981 నాటి 'డిసిప్లిన్'. అప్పటికి వాళ్ల సంగీతం స్ట్రీమింగ్‌లో దొరికేది కాదు. మొదటి ఆల్బమ్‌కు యాభై ఏళ్లు నిండిన 2019లోగాని ఆ పాటలు అక్కడికి రాలేదు. వినాలంటే సీడీ కొనుక్కోవాలి, లేదా కొన్నవాళ్లను బతిమాలుకోవాలి. నేను రెండో మార్గం పట్టాను.

అసలు ఆ బృందం మీదికి నా మనసు ఎందుకు పోయిందో చెప్పాలి. చిన్నతనంలో కాకినాడలో నాలుగేళ్లు మృదంగం నేర్చుకుని, పదో తరగతి పరీక్షల పేరు చెప్పి మానేశాను. వాయించడం పోయింది గాని, చెవిన పడ్డ ప్రతి పాటకూ తొడ మీద తాళం వేసి అక్షరాలు, అంటే తాళంలోని లెక్కలు, లెక్కపెట్టే అలవాటు మాత్రం మిగిలిపోయింది. గిటార్ వాయించే మా ఆఫీసు మిత్రుడొకడు, భోజనాల బల్ల మీద నా వేళ్ల ఆట చూసి చూసి, "నీకు లెక్కలే కావాలంటే కింగ్ క్రిమ్సన్ విను, వాళ్ల దగ్గర ఏడూ పదమూడూ దొరుకుతాయి" అన్నాడు. ఆ మాట పట్టుకునే వాళ్ల దగ్గరకు వెళ్లాను. ఆ మాట వల్లే రెండేళ్ల పాటు వాళ్లను సరిగా వినలేకపోయానని నాకు ఆలస్యంగా తెలిసింది.

మొదటి ఆల్బమ్ 'ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్' అట్ట మీద బృందం పేరుగాని, ఆల్బమ్ పేరుగాని ఉండవు. నోరు పూర్తిగా తెరిచి, ముక్కుపుటాలు ఉబ్బించి, దేనినో చూసి కేకపెడుతున్న ఎర్రని మొహం ఒక్కటే అట్టంతా ఆక్రమించి ఉంటుంది. మా అమ్మ దాన్ని ఒకసారి చూసి, "పూజగది పక్కన ఇదేమిటిరా" అని బోర్లా తిప్పి పెట్టింది. ఆ బొమ్మ గీసిన బారీ గాడ్బర్ వృత్తిరీత్యా కంప్యూటర్ ప్రోగ్రామర్. ఆల్బమ్ 1969 అక్టోబరులో వెలువడితే, మరుసటి ఫిబ్రవరిలో, ఇరవై నాలుగేళ్ల వయసులో, గుండెపోటుతో పోయాడు. ఇది తెలిసిన తరువాత ఆ అట్టను బోర్లా పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అమ్మకు చెబితే ఆమె కూడా మరి మాట్లాడలేదు.

బృందం 1969 జనవరిలో లండన్‌లోని ఫుల్హామ్ ప్యాలెస్ రోడ్డు మీద, ఒక కాఫీ హోటలు కింది నేలమాళిగలో సాధన మొదలుపెట్టింది. జులై 5న హైడ్ పార్కులో రోలింగ్ స్టోన్స్ ఇచ్చిన ఉచిత కచేరీలో, వారికి ముందుగా, లక్షల మంది ఎదుట వాయించింది. గిటార్ రాబర్ట్ ఫ్రిప్, బేస్ గిటారూ గాత్రమూ గ్రెగ్ లేక్, శాక్సోఫోను, వేణువు, కీబోర్డులు ఇయన్ మెక్‌డొనాల్డ్, డ్రమ్స్ మైకేల్ జైల్స్. వీరితో పాటు పీట్ సిన్‌ఫీల్డ్ అనే కవి కూడా బృందంలో సభ్యుడే. పాటలు రాసే మనిషిని, వేదిక ఎక్కి ఏ వాయిద్యమూ వాయించకపోయినా, సభ్యుడిగా లెక్కించారన్న సంగతి నాకు వెంటనే నచ్చింది. మొదటి పాట 'ట్వంటీ ఫస్ట్ సెంచరీ స్కిజాయిడ్ మ్యాన్'లో లేక్ గొంతును చీల్చి, గరుకుపరచి, వియత్నాం యుద్ధపు నాపామ్ బాంబుల మంటలను పాడించారు. మధ్యలో వాయిద్యాలన్నీ ఒకే దారిలో, మెరుపువేగంతో, మధ్యమధ్య హఠాత్తుగా ఆగుతూ పరుగెత్తే భాగం ఉంది. ఆ ఆపులన్నీ ఎక్కడెక్కడ పడుతున్నాయో పట్టుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ఆ ఆల్బమ్‌లో నన్ను లెక్కల నుంచి కాసేపైనా మళ్లించినది మెలోట్రాన్. అది చూడడానికి హార్మోనియానికి పెద్దన్నలా ఉండే కీబోర్డు గాని, లోపల ప్రతి మెట్టు కింద ఒక టేపు ముక్క ఉంటుంది. వయొలిన్లో వేణువులో ఆ ఒక్క స్వరాన్ని వాయించగా రికార్డు చేసిన టేపు అది. మెట్టు నొక్కితే టేపు కదిలి ఆ స్వరం పలుకుతుంది. టేపు ఎనిమిది సెకన్లే ఉంటుంది గనుక అంతకు మించి ఏ స్వరమూ నిలవదు, వేలు తీయగానే స్ప్రింగు టేపును వెనక్కి లాగుతుంది. బర్మింగ్‌హామ్‌లో తయారైన ఈ యంత్రం ఊళ్లు తిరిగితే శ్రుతి తప్పేదట. 'ఎపిటాఫ్' పాటలో కెరటంలా లేచే ఆ వయొలిన్ల సమూహం నిజానికి పెట్టెలో బంధించిన, కొద్దిగా వణికే, ఎనిమిది సెకన్లకు మించి ఊపిరి పట్టలేని వయొలిన్లు. ఆ పాటలోని దిగులులో సగం ఆ వణుకుదేనని నా నమ్మకం. తరువాతి కాలపు ఏ కీబోర్డులోనూ నాకది దొరకలేదు.

నాలుగో పాట 'మూన్‌చైల్డ్' పన్నెండు నిమిషాలు. రెండున్నర నిమిషాల్లో పాట అయిపోతుంది. మిగిలినదంతా గిటార్, వైబ్రాఫోన్ అనే లోహపు పలకల వాయిద్యం, డ్రమ్స్ అక్కడొక చుక్క ఇక్కడొక చుక్క వేసుకుంటూ, తాళం లేకుండా, ఒకరి అలికిడి ఒకరు వింటూ గడిపే కాలం. నేను ఆ రెండున్నర నిమిషాలు విని బొత్తాం నొక్కి ముందుకు పోయేవాణ్ణి. ఒకటి రెండు సార్లు కాదు, దాదాపు రెండేళ్లు అలాగే చేశాను.

రెండో సీడీ పెట్టగానే నాకు ఎదురైన చిక్కు, కింగ్ క్రిమ్సన్‌ను తెలుసుకోవాలనుకునే ప్రతివారికీ ఎదురయ్యేదే. పేరు అదే గాని మనుషులు వారు కారు. మొదటి బృందం ఏడాది తిరగకుండానే, 1969 చివర అమెరికా యాత్రలో, మెక్‌డొనాల్డ్, జైల్స్ వెళ్లిపోవడంతో చీలింది. తరువాత లేక్ కూడా వెళ్లి ఎమర్సన్, లేక్ అండ్ పామర్ అనే బృందంలో చేరాడు. ఫ్రిప్, సిన్‌ఫీల్డ్ కలిసి వచ్చినవారితో మరి మూడు ఆల్బమ్‌లు లాక్కొచ్చారు. ఒక గాయకుడు బేస్ వాయించడం రానివాడైతే ఫ్రిప్ కూర్చోబెట్టి నేర్పించాడు. చివరకు సిన్‌ఫీల్డ్ కూడా బయటికి వెళ్లాడు. 1972లో ఫ్రిప్ మళ్లీ మొదటి నుంచి కూర్చిన బృందంలో జాన్ వెటన్ బేసూ గాత్రమూ, డేవిడ్ క్రాస్ వయొలిన్, బిల్ బ్రూఫర్డ్ డ్రమ్స్, జేమీ మ్యూర్ చిత్రవిచిత్రమైన తాళవాద్యాలు. యెస్ బృందం పేరు ప్రతిష్ఠలు శిఖరానికి చేరుతున్న సమయంలో దాన్ని వదిలి బ్రూఫర్డ్ ఇటు వచ్చాడు. మన దగ్గర సంప్రదాయం అంటే గురువు నుంచి శిష్యుడికి చేరే పాఠం. ఇక్కడ ప్రతిసారీ పాఠమే మారిపోతోంది, పేరు మాత్రం చేతులు మారుతోంది.

'రెడ్' చివరి పాట 'స్టార్‌లెస్' పన్నెండు నిమిషాల పైన ఉంటుంది. మెలోట్రాన్ మీద గిటార్ నెమ్మదిగా రాగం తీస్తుంది, వెటన్ పాడతాడు, పాట ముగుస్తుంది. అప్పుడు బేస్ ఒక చిన్న, చీకటి పలుకు అందుకుంటుంది. ఆ పలుకు ఇచ్చినది డ్రమ్మరైన బ్రూఫర్డేనట. తొడ మీద చేయి వేసి లెక్కించాను, పదమూడు వచ్చింది. మళ్లీ లెక్కించినా పదమూడే. కర్ణాటక సంగీతపు ముప్పై అయిదు తాళాల పట్టికలో సంకీర్ణ జాతి త్రిపుట తాళానికి తొమ్మిది, రెండు, రెండు కలిపి పదమూడు అక్షరాలు. పిల్లప్పుడు దాన్ని వల్లె వేశానే గాని, ఎవరూ వాయించగా వినలేదు. కాకినాడలో వినని సంకీర్ణ త్రిపుట లండన్ నుంచి వచ్చిందని ఆ రాత్రి పొంగిపోయాను. బేస్ పలుకుకు ఆ విభజన సరిపోదని, నాలుగు, నాలుగు, అయిదుగా పట్టుకుంటే చేతికి హాయిగా ఉందని మరునాడు తేల్చుకుని, నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ పదమూడు అక్షరాల మీద ఫ్రిప్ నిమిషాల తరబడి ఇంచుమించు ఒక్క స్వరాన్నే పట్టుకుని వాయిస్తూ, మెట్టు మెట్టుగా పైకి జరుపుకుంటూ పోతాడు. ఆ స్వరం సంగతి నా నోటుపుస్తకంలో ఒక్క ముక్క కూడా లేదు.

'డిసిప్లిన్' నా రోగాన్ని ముదిరించింది. 1974 సెప్టెంబరులో, 'రెడ్' ఇంకా దుకాణాలకు చేరకముందే, ఫ్రిప్ బృందాన్ని రద్దు చేశాడు. ఏడేళ్ల తరువాత బ్రూఫర్డ్‌తో పాటు ఇద్దరు అమెరికన్లను చేర్చుకుని తిరిగి వచ్చాడు: పాడుతూ గిటార్‌తో ఏనుగు ఘీంకారాలు కూడా పలికించే ఏడ్రియన్ బెల్యూ, పది తీగల చాప్‌మన్ స్టిక్ అనే వాయిద్యం మీద రెండు చేతుల వేళ్లతోనూ తట్టి వాయించే టోనీ లెవిన్. మెలోట్రాన్ లేదు, కెరటాలు లేవు. ఇండొనేషియా కంచు వాయిద్యాల మేళమైన గమెలాన్‌ను తలపించేలా రెండు గిటార్లు చిన్న చిన్న పలుకులను ఒకదానిలో ఒకటి అల్లుకుంటూ పోతాయి. 'ఫ్రేమ్ బై ఫ్రేమ్'లో ఒక గిటార్ ఏడు లెక్కన పలుకును తిప్పుతుంటే, రెండోది అదే పలుకులో చివరి చిన్న స్వరాన్ని వదిలేసి తిప్పుతుంది. దాంతో రెండూ అడుగడుగునా ఒకదాని నుంచి ఒకటి జారిపోతూ, చాలా దూరం వెళ్లాక మళ్లీ కలుసుకుంటాయి. ఆల్బమ్ పేరు గల పాటలో డ్రమ్స్ పదిహేడు మీద నడుస్తాయి. ఖండ జాతి ధ్రువ తాళానిది కూడా పదిహేడే, అయిదు, రెండు, అయిదు, అయిదు. 'థెలా హన్ జింజీత్' అన్న పాట పేరు ఏ ఆఫ్రికా భాషదో అనుకుని నెల రోజులు గౌరవించాను గాని, అది అడవిలో వేడి అనే అర్థం గల ఇంగ్లీషు మాటల అక్షరాలను కలగాపులగం చేసిన పేరని తెలిశాక నవ్వుకున్నాను.

ఇలా 2018 నాటికి నా నోటుపుస్తకం నిండింది. మిత్రుడికి చూపిస్తే తలాడించాడు. మూడు ఆల్బమ్‌లనూ జయించాననే అనుకున్నాను.

ఆ ఏడు బావ రాలేదు. అందుచేత 1974 నాటి మరో ఆల్బమ్ 'స్టార్‌లెస్ అండ్ బైబిల్ బ్లాక్'ను ఇంటర్నెట్‌లో ఒక విక్రేత దగ్గర తెప్పించుకున్నాను. పెట్టె పగిలి, లోపలి కాగితం తడిసి ఆరి అట్టకట్టి వచ్చింది. పంపినవారికి రాస్తే జవాబే లేదు. డిస్కు మాత్రం అదృష్టవశాత్తు పాడైంది కాదు. అలవాటు ప్రకారం తొడ మీద చేయి వేసుకుని కూర్చున్నాను. మొదటి రెండు పాటలూ లెక్కకు లొంగాయి. ఆపైన చేయి తేలిపోవడం మొదలైంది. ఆల్బమ్ పేరు గల తొమ్మిది నిమిషాల వాయిద్య ఖండంలో సమం, అంటే తాళం మొదలయ్యే చోటు, ఎక్కడో దొరకలేదు. ఒకచోట దొరికిందనుకుంటే పది క్షణాల్లో జారిపోయింది. ఇది ఏదో మహా జటిలమైన తాళమని భ్రమపడి, ఒక ఆదివారం పూటంతా దానితో కుస్తీ పట్టాను.

సంగతి ఏమిటంటే అందులో ముందుగా కట్టిన తాళమే లేదు. స్టూడియోలో పూర్తిగా తయారైనవి ఆ మొదటి రెండు పాటలే. మిగిలినదాంట్లో చాలా భాగం కచేరీలలో రికార్డు చేసి, చప్పట్లు తీసేసి, స్టూడియో రచనల పక్కన కూర్చినది. అందులోనూ కొన్ని ఖండాలు వేదిక మీద అప్పటికప్పుడు పుట్టినవి, ఏమి వాయించబోతున్నారో వారికే ముందు తెలియనివి. చప్పట్లు లేవు గనుక నేను వాటిని కూర్చిన కృతులే అనుకుని లెక్కకు పూనుకున్నాను. మన మాటల్లో చెప్పాలంటే అప్పటికప్పుడు పుట్టే మనోధర్మాన్ని పట్టుకుని సాహిత్యం చూపించమని అడిగాను.

వాటిలో ఒకటి 'ట్రియో'. 1973 నవంబరు 23న ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్సర్ట్‌హెబౌ మందిరంలో పుట్టింది. వినబడీ వినబడకుండా క్రాస్ వయొలిన్ మొదలవుతుంది, వెటన్ బేస్ కిందినుంచి మెల్లగా తోడు వస్తుంది, ఫ్రిప్ గిటార్ పక్కనబెట్టి మెలోట్రాన్ మీద వేణువు పలికిస్తాడు. అయిదున్నర నిమిషాలు ముగ్గురూ దాదాపు గుసగుసగా మాట్లాడుకుంటారు. నేను హాల్లో ఇది వింటుండగా అమ్మ వంటగదిలోంచి చేయి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. పెళ్లికి ముందు ఆమె గాత్రం నేర్చుకుంది. నా సీడీల గొడవ మీద ఆమెకు అంతవరకూ ఏ ఆసక్తీ లేదు. కాసేపు విని, "మృదంగం ఎప్పుడు అందుకుంటుందిరా?" అని అడిగింది.

"అందుకోదమ్మా. ఇందులో డ్రమ్ములు లేవు."

"అంటే ఆ అబ్బాయి ఆ రోజు రాలేదా?"

వచ్చాడు. వేదిక మీదే ఉన్నాడు. ముగ్గురూ వాయిస్తుంటే బ్రూఫర్డ్ తన కర్రలను గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, ఒక్క దెబ్బ కూడా వేయకుండా, చివరి వరకూ విన్నాడు. తనకు రావలసిన చోటు ఇంకా రాలేదని ఆగి, రాదని తెలిసి పూర్తిగా ఆగిపోయాడు. ఇది చెప్పగానే అమ్మ, "రాగం పాడుతున్నప్పుడు మృదంగం వాళ్లు కూర్చోరూ, అలాగే" అనేసి, పప్పు మాడుతుందని లోపలికి వెళ్లిపోయింది. ఆమెకు అందులో వింతేమీ కనబడలేదు. నాకు మాత్రం మా గురువుగారి ఇంట్లో అరుగు గుర్తుకు వచ్చింది. గాత్రం వారు ఆలాపన చేస్తున్నంతసేపూ మృదంగం ఒడిలో పెట్టుకుని ఊరకే కూర్చోవలసి వచ్చేది. ఆ సమయంలో నేను బయట వెళ్లే రిక్షాలను లెక్కపెట్టుకునేవాణ్ణి. ఊరకే కూర్చోవడమంటే వినడమని నాకు ఎవరూ చెప్పలేదో, చెప్పినా నేను వినలేదో గాని, అప్పటి నుంచి నా చేతులకు పని దొరికితేనే నా చెవులకు పాట దొరికేది.

ఆ వారమే 'మూన్‌చైల్డ్' మళ్లీ పెట్టాను. చేతులు కట్టుకుని, బొత్తాం నొక్కకుండా, పన్నెండు నిమిషాలు విన్నాను. గొప్పగా ఉందని చెప్పను. అందులో రెండు మూడు నిమిషాలు ఇప్పటికీ నాకు ఎక్కువే అనిపిస్తాయి. అయినా వైబ్రాఫోన్ ఒక మాట అని ఆగితే, గిటార్ దానికి వెంటనే జవాబు చెప్పకుండా తడబడే క్షణాలున్నాయి. అవి రెండేళ్లుగా నా సీడీలోనే ఉన్నాయి. తరువాత 'స్టార్‌లెస్' పెట్టాను. పదమూడు లెక్క దానంతట అది కింద నడుస్తుంటే, మొదటిసారిగా ఆ ఒక్క స్వరాన్ని వెంబడించాను. అది ఎప్పుడు పైమెట్టుకు జరుగుతుందా అని ఊపిరి బిగబట్టి ఎదురుచూసి, బృందం మొత్తం ఒక్కసారి విరుచుకుపడి, చివర శాక్సోఫోను మొదటి రాగాన్నే అందుకునేసరికి, రెండేళ్లుగా దీన్ని నేను విననే లేదని ఒప్పుకోవలసి వచ్చింది.

2019లో పాటలన్నీ స్ట్రీమింగ్‌కు వచ్చాక మిగిలినవి వరుసగా విన్నాను. 1973 నాటి 'లార్క్స్ టంగ్స్ ఇన్ ఆస్పిక్' నాకు అన్నింటిలోకీ ఇష్టమైనది. ఆ పేరు పెట్టినవాడు మ్యూర్. అతడు రేకులు, గొలుసులు, ఆటబొమ్మల వంటివన్నీ వాయిద్యాలుగా వాడి, ఆ ఆల్బమ్ అయ్యీకాకముందే స్కాట్లండ్‌లోని బౌద్ధ ఆశ్రమానికి వెళ్లిపోయాడు. బ్రూఫర్డ్ పెళ్లి విందులో యెస్ గాయకుడు జాన్ ఆండర్సన్‌కు పరమహంస యోగానంద 'ఒక యోగి ఆత్మకథ' చదవమని చెప్పినదీ అతడే. ఆ పుస్తకంలో ఒక పుట అడుగున ఉన్న గమనికను పట్టుకుని ఆండర్సన్ బృందం రెండు రికార్డుల నిడివి గల ఆల్బమే చేసింది. మా తాతగారి బీరువాలో ఉన్న తెలుగు ప్రతికి ఇంత దూరపు చుట్టరికం ఉందని ఎవరనుకుంటారు! 1970 నాటి 'లిజర్డ్' మాత్రం ఎన్నిసార్లు విన్నా నాకు కొరుకుడు పడలేదు. 1972 యాత్రలో క్యాసెట్టు మీద రికార్డు చేసిన 'ఎర్త్‌బౌండ్' ధ్వని మరీ అధ్వాన్నం, ఒక్కసారి విని వదిలేశాను. 'ఐలండ్స్' మీద ఇంకా ఏ అభిప్రాయానికీ రాలేదు.

వారిని ప్రత్యక్షంగా చూసే యోగం నాకు లేదు. 2014 తరువాతి బృందంలో ముగ్గురు డ్రమ్మర్లు వేదిక ముందు వరుసలో కూర్చుంటే, ఫ్రిప్, మిగిలినవారు వెనక ఎత్తు మీద ఉండేవారు. మృదంగం వాళ్లు విడిగా వాయించే తని ఆవర్తనమే కచేరీకి ముఖద్వారమైనట్టు అన్నమాట. ఫ్రిప్ ఎప్పుడూ కూర్చునే వాయిస్తాడు. శ్రోతలెవరూ ఫొటోలు తీయకూడదని, చివర లెవిన్ తన కెమెరా ఎత్తినప్పుడు మాత్రమే తీసుకోవచ్చునని నియమం పెట్టాడు. మన సభల్లో ఈ నియమం పెట్టగల విద్వాంసుడు ఎప్పుడు వస్తాడో. అటువంటి మనిషే 2020 లాక్‌డౌన్‌లో భార్య టోయా విల్‌కాక్స్‌తో కలిసి ఇంటి దగ్గర ప్రతి ఆదివారం అల్లరి వీడియోలు చేశాడు. మా ఆవిడకు ఫ్రిప్ అంటే ఇప్పటికీ ఆ వీడియోల్లోని పెద్దమనిషే. 2021 డిసెంబరు 8న టోక్యోలో బృందం చివరి కచేరీ జరిగింది.

కిందటి సంక్రాంతికి బావ వచ్చినప్పుడు 'ద నైట్ వాచ్' తెచ్చాడు. ఆమ్‌స్టర్‌డామ్ కచేరీని 1997లో రెండు సీడీలుగా విడుదల చేసిన రికార్డు అది. నేను చప్పట్లు లేకుండా విన్న ఖండాలు ఇందులో తమ చోట్లలో, ఎదుట జనం ఉండగా వినబడతాయి. 'ట్రియో' వచ్చే ముందు అమ్మను పిలిచాను. ఆమె ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లు మూసుకుని చివరి దాకా విన్నది.

"ఆ డ్రమ్ముల అబ్బాయి వాయించలేదన్నావు కదా, మరి దీన్ని చేసినవాళ్లలో అతని పేరు వేశారా?"

సీడీ అట్ట చేతికిచ్చి, ఆమె కళ్లద్దాలు వెతికి తెచ్చి, ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి చూపించాను. క్రాస్, ఫ్రిప్, వెటన్, వారి పక్కనే నాలుగో పేరు బ్రూఫర్డ్.